కుర్చీ పేరున ఖాతా

కొత్త యాప్ ఎక్కించిన ఏ ఆఫీసుకు వెళ్ళినా మాస్టారు ముందుగా నేర్పేది పాస్‌వర్డ్ మార్చుకోవడం కాదు, దుప్పటి కప్పడం.

"ఇక్కడ గంట బొమ్మ ఉంది చూశారా? దాన్ని అలా నొక్కి పట్టుకోండి. అడ్డంగా గీత పడిందా? దుప్పటి కప్పేశాం. ఇక అది లోపల ఎంత మొత్తుకున్నా మీకు వినపడదు," అనేవాడు.

అంతదాకా మూతులు ముడుచుకుని కూర్చున్నవాళ్ళు అప్పుడు నవ్వేవారు. పక్కవాళ్ళ ఫోన్లు లాక్కుని మరీ గంటకు గీత పెట్టేవారు. ఆ నవ్వు వచ్చిందంటే మిగతా పాఠం సులువు. కొత్త వస్తువును మనిషికి అంటగట్టాలంటే దాని నోరు ఎలా మూయాలో ముందు చెప్పాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన పట్టుకున్న కిటుకు అది.

నిజానికి నోరు మూయక తప్పేది కాదు. ప్రభుత్వం సొంతంగా తయారు చేయించిన ఆ యాప్‌లో మామూలు కబురుకూ పై ఆఫీసుల సర్క్యులర్‌కూ ఒకటే గంట. సర్క్యులర్లేమో ఉద్యోగులందరికీ ఒకేసారి దిగుతాయి. పాత జీపుల వేలం ప్రసూతి వార్డులో మోగుతుంది. ప్రసూతి వార్డు ఫ్యాన్ల టెండరు గనుల శాఖలో మోగుతుంది. ఏ గదిలోకి వెళ్ళినా చెవిలో జోరీగ దూరినట్టుండేది. రెండిటికీ గంటలు వేరు చేయమని మాస్టారు పైకి రాశాడు. వచ్చే వెర్షన్‌లో చూస్తామని జవాబు వచ్చింది. ఆ జవాబు కూడా ఉద్యోగులందరికీ దిగి, అందరి ఫోన్లలోనూ మోగింది.

ఆయన్ని అందరూ మార్పిడి మాస్టారు అంటారు. అసలు హోదా వేరే ఉంది గానీ అది జీతం బిల్లులో తప్ప ఎక్కడా కనపడదు. టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టినప్పుడు ఆఫీసులకు నేర్పింది ఆయనే. కంప్యూటర్లలో ఉన్నదంతా విదేశీ కంపెనీ సర్వర్లలోకి ఎక్కించినప్పుడూ ఆయనే. "ఇక ఫైలు పోయిందన్న మాటే ఉండదండీ" అని అప్పట్లో ఊరూరా తిరిగి చెప్పాడు. ఇప్పుడు వాటన్నిటినీ దింపి మన నేల మీది సర్వర్లలో పెడుతున్నారు. ఇదీ ఆయన నెత్తినే పడింది. మనిషి మాత్రం మారకుండా అదే సంచీ, అదే నడుం నొప్పి, మెడలో తాడుకు వేలాడే అవే కళ్ళద్దాలతో తిరుగుతున్నాడు. రిటైర్మెంటుకు ఇంకా కొద్దికాలమే ఉంది. ఈలోగా మళ్ళీ ఎక్కించమంటారేమోనని ఆయనకో దిగులు.

ఎందుకు దింపాల్సి వచ్చిందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అది జరిగిన ఉదయం ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్నాడు. దేశానికీ దేశానికీ ఏదో తగువు వచ్చింది. అవతలి ప్రభుత్వం చెప్పిందని ఆ కంపెనీ ఇక్కడి ఆఫీసులకు తలుపులు మూసేసింది. తెరలన్నిటి మీదా ఒకే వాక్యం. ఈ సేవ మీ ప్రాంతంలో అందుబాటులో లేదు. బెంచీల మీద ఇళ్ళు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు, కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు. ఆస్పత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు ఎవరూ తెరవలేకపోయారట. అందరూ మాస్టారి మొహం చూశారు. ఆయన తెర మొహం చూశాడు. ఇన్నాళ్ళూ మన ఇంటి తాళంచెవి ఎవరో పరాయివాడి జేబులో ఉంచి, మనం మాత్రం గృహస్థుల్లా తిరిగాం కదా అనిపించింది. కొన్నాళ్ళకు తగువు తీరింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆ వాక్యం మాత్రం ఆయన కళ్ళలోంచి పోలేదు.

అందుకే ప్రభుత్వం సొంత మెయిలు, సొంత యాప్, సొంత సర్వర్లు అన్నప్పుడు ఆయన మనస్ఫూర్తిగానే పనికి దిగాడు. ఉద్యోగులెవరూ విదేశీ యాప్‌లలో ఆఫీసు మాట మాట్లాడకూడదు, సొంత ఫోన్లోనైనా సరే. ఒక్కో ఆఫీసుకూ వెళ్ళి పాత గ్రూపులు తీయించి, కొత్త ఖాతాలు తెరిపించి, మార్పిడి పూర్తయిందని సంతకం పెట్టి రావాలి. చాలావాటికి పెట్టాడు. అలా పెడుతూ పెడుతూ పెద్దాస్పత్రికి వచ్చాడు.

డయాలసిస్ వార్డు మెట్ల వెనక, ఎండ సోకని మూలన ఉంటుంది. ఎదురెదురుగా రెండు వరసల పడక కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో మెషీను. గోడ అవతల ఆ మెషీన్లకు నీళ్ళు శుద్ధి చేసి పంపే ప్లాంటు రొద. మాస్టారికి ఆ వార్డు గుమ్మం దాకా బాగా తెలుసు. ఆయన అక్క ఎన్నేళ్ళుగానో వారానికి మూడుసార్లు అక్కడ మెషీను ఎక్కుతోంది. వ్యాను రాని రోజు ఆయనే దింపి ఆఫీసుకు పోతాడు. లోపలికి వెళ్ళి కూర్చున్నది తక్కువ. గొట్టాల్లో అక్క రక్తం తిరుగుతుంటే చూడలేడు.

వార్డు నడిపే నర్సును అందరూ పెద్ద సిస్టర్ అంటారు. పొడుగాటి మనిషి, నడకలో తొందర, మాటలో మొహమాటం లేదు. మాస్టారు సంచీలోంచి కాగితాలు తీయకముందే ఆమె తన ఫోన్ ఆయన ముందు పెట్టింది.

"ఈ గ్రూపు తీసేయమంటున్నారు. తీసేస్తాను. తీశాక నా వార్డు ఎలా నడపాలో చెప్పి వెళ్ళండి."

ఆయన కళ్ళద్దాలు ఎత్తి పెట్టుకుని చూశాడు. విదేశీ యాప్‌లో ఆమె కట్టుకున్న గ్రూపు. అందులో రోగులు, టెక్నీషియన్లు, వ్యాను డ్రైవరు, ఒకరిద్దరు రోగుల అల్లుళ్ళు. రెండో కుర్చీ ఖాళీ అయింది, ఎవరు రాగలరు? నేనొస్తా సిస్టర్, బట్టలు మార్చుకుంటున్నా. ప్లాంటు మోటారు మొరాయిస్తోంది, మధ్యాహ్నం వాళ్ళు ఆలస్యంగా బయల్దేరండి. డ్రైవరు గారూ, ముందు మా వీధికి రండి, కాళ్ళు బాగా వాచాయి. మధ్య మధ్యలో అక్క వేసిన జోకులు. అక్క ఫోన్ పట్టుకుని కూర్చుంటే కాలక్షేపం అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"ఇదంతా ఇందులో నడుస్తోందా?"

"మరెక్కడ నడుస్తోందనుకున్నారు?"

"గోడ మీద టైం టేబులు ఉంది కదా."

"అది ఇనస్పెక్షన్‌కి వచ్చేవాళ్ళ కోసం."

"సరే, ఇలాంటి గ్రూపే కొత్తదాంట్లో కడదాం సిస్టర్. ఎంతసేపు!"

"రోగులకి ఖాతాలు ఇస్తారా?"

సొంత యాప్‌లో ఖాతా మనిషి పేరున ఉండదు, పదవి పేరున ఉంటుంది. మనిషి బదిలీ అయినా ఖాతా ఆ సీట్లోనే ఉండిపోతుంది. ఏ కబురు ఎవరికి చేరిందో రేపు లెక్క చెప్పాలంటే అదే పద్ధతి. మంచి పద్ధతే. అయితే రోగికి సీటు ఎక్కడిది?

"పదవి ఉన్నవాళ్ళకే సిస్టర్. రూలు అలా ఉంది."

కిటికీ పక్క కుర్చీలోంచి ఒక ముసలాయన తల తిప్పాడు. ఊళ్ళో చాలామందికి బట్టలు కుట్టిన టైలరు. కుట్టే చెయ్యి ఇప్పుడు మెషీనుకు కట్టేసి ఉంది.

"మార్పిడి ఆయన వచ్చారని చెప్పుకుంటుంటే కిడ్నీ మార్పిడేమోనని సంబరపడ్డాను బాబూ. ఫోన్ల మార్పిడా!"

వరసంతా నవ్వింది. టైలరు అక్కడితో ఆపలేదు.

"పదవి లేదంటారేంటి? ఆరేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. నాకంటే పర్మనెంటు ఎవరున్నారు ఇక్కడ? సిస్టరైనా బదిలీ అవుతుంది."

"మీరు గమ్మున పడుకోండి, బీపీ పెరుగుతుంది," అంది పెద్ద సిస్టర్. అని, మాస్టారి ఎదుటే గ్రూపులోంచి ఒక్కొక్కరినీ తీసి, ఆఖరున గ్రూపునే తీసేసింది. ఖాళీ తెర చూపించింది. "చూసుకున్నారుగా. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. వార్డులో వాడకందార్లు అందరూ మారారు, నూటికి నూరు పాళ్ళు. అందులో అబద్ధం ఏమీ లేదు. రోగులు వాడకందార్లే కారు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "మా అక్క విషయం ఏదన్నా ఉంటే నా ఖాతాకి పంపండి సిస్టర్. నాకు పదవి ఉందిగా."

ఆమె ఆయన్ని ఓసారి ఎగాదిగా చూసి సరేనంది. ఈలోగా ఆమె ఫోన్ మూడుసార్లు మోగింది. మూడూ సర్క్యులర్లే. మాస్టారు అలవాటు కొద్దీ చెయ్యి చాచి, "ఇలా ఇవ్వండి, దుప్పటి కప్పుతా," అన్నాడు. ఆమె ఇవ్వలేదు. "వద్దు లెండి. నా ఫోన్ మోగాలి," అంది.

ఇంట్లో ఉండేది అక్కా తమ్ముడే. ఆయన పెళ్ళి బదిలీల మధ్య ఎక్కడో జారిపోయింది. బావ పోయాక అక్క ఇక్కడికే వచ్చింది. స్కూల్లో పిల్లల చేత పరుగులు తీయించి, ఆటలాడించి రిటైరైన మనిషి. మెడలో ఈల లేదు గానీ గొంతులో ఇంకా ఉంది.

"ఒరేయ్, మా గ్రూపు పీక నువ్వే పిసికావంటగా?" అంది, ఆయన చెప్పులు విప్పకముందే.

"గవర్నమెంటు ఆర్డరక్కా."

"గవర్నమెంటు మా వార్డుకి వచ్చిందా? వచ్చింది నువ్వు."

"మన విషయాలు పరాయివాళ్ళ దగ్గర ఎందుకు ఉండాలి? ఆ రోజు ఏమైందో చూశావు కదా. మళ్ళీ తలుపు మూసేస్తే?"

"ఎందుకుండాలి? ఉండకూడదు. నేను కాదన్నానా? నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో అది కూడా మన దగ్గరే ఉండాలిగా మరి. అది ఎవరి దగ్గరుంది ఇప్పుడు?"

"నా దగ్గరుంటుంది. సిస్టర్‌కి చెప్పాను, నీ కబురు నా ఖాతాకి వస్తుంది. వెంటనే నీకు ఫోన్ చేస్తాను."

అక్క రోజుకు తాగాల్సిన నీళ్ళు పొద్దున్నే సీసాలో కొలిచి పెట్టుకుంటుంది. ఆ సీసా ఎత్తి, అడుగున మిగిలింది చూసి, మళ్ళీ పెట్టేసింది.

"నీ దగ్గర," అంది.

"నా దగ్గరే."

"నీ దగ్గర పెట్టిన గొడుగులు ఎన్ని తిరిగొచ్చాయిరా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. మాట అక్కడితో అయిపోయింది.

తరవాతి వారం మాస్టారికి రేవు ఆఫీసులో పాఠం. పెద్ద హాలు, మాట వినని గుమస్తాలు, తెర మీద బొమ్మ పడనివ్వని ఎండ. అక్కడా గంట బొమ్మతోనే మొదలుపెట్టాడు. అక్కడా నవ్వారు. చూపించడానికి తన ఫోనే ఎత్తి పట్టుకున్నాడు. దాని గంటకు గీత పడి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. పాఠం అయ్యాక ఫోన్ సంచీలో పడేశాడు. ఒళ్ళు పులిసిపోయి, బస్సులో నిలబడి ఇంటికి వచ్చి, తిని పడుకున్నాడు.

మర్నాడు అక్క మెషీను ఎక్కే రోజు. ఎక్కబోయే ముందు పూట రోగులు కొంచెం స్వతంత్రం తీసుకుంటారు. ఎలాగూ ఒంట్లో చేరిన నీరు మెషీను తీసేస్తుంది కదా అని ఇంకో గుక్క తాగుతారు. అక్క కూడా రాత్రి ఒక టీ, పొద్దున్న ఒక టీ ఎక్కువ తాగింది. వ్యాను ఎంతకీ రాకపోతే ఆటోలో వెళ్ళింది. మాస్టారు అప్పటికి రేవు ఆఫీసులో రెండో రోజు పాఠానికి ఉన్నాడు. ఫోన్ మోగింది. మామూలు ఫోన్.

"ఒరేయ్, వార్డుకి తాళం వేసుంది."

"అదేంటి?"

"ఊడ్చే అమ్మాయి తప్ప ఎవరూ లేరు. ప్లాంటు విప్పదీస్తున్నారట. నిన్న సాయంత్రమే అందరినీ పిలిచి ఎక్కించేశారుగా, మీరు రాలేదేం అంటోంది. నీకేమన్నా వచ్చిందా?"

"ఉండక్కా, చూస్తాను."

యాప్ తెరిచాడు. సర్క్యులర్లు. వేలితో పైకి తోశాడు. ఇంకా సర్క్యులర్లు. ఆఫీసుల్లో మొక్కల సంరక్షణ గురించి. లిఫ్టు వాడకంలో మర్యాద గురించి. వాడని కుర్చీల వివరాలు పంపడం గురించి. వాటన్నిటి కింద, నిన్న మధ్యాహ్నం ఆయన ఫోన్ ఎత్తి పట్టుకుని గంట బొమ్మ చూపిస్తున్న వేళకి, పెద్ద సిస్టర్ పంపిన రెండు ముక్కలు. రేపు ప్లాంటు ఆపుతారు. మీ అక్కగారిని ఈ సాయంత్రమే తీసుకురండి.

హాల్లో గుమస్తాలు గంట బొమ్మల మీద వేళ్ళు పెట్టుకుని ఆయన కోసం చూస్తున్నారు.

"వచ్చిందా?" అంది అక్క ఫోన్లోంచి.

"వచ్చిందక్కా."

"సరే, ఆటో వెళ్ళిపోలేదులే, ఇంటికి పోతున్నా," అంది అక్క.

ప్లాంటు సాయంత్రానికల్లా బాగవుతుందన్నారు. సాయంత్రం ఏదో సామాను రావాలన్నారు. మర్నాడు పొద్దున్నకి అన్నారు. పొద్దున్నకి అక్క పాదాలు చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడదని కుర్చీలోనే కూర్చుంది. మాస్టారు సెలవు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. మాట్లాడితే ఆయాసం వస్తోందని ఆమె మాట్లాడడం మానేసింది. మాట్లాడకుండా కూర్చున్న అక్కను ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మధ్యాహ్నానికి పెదవులు రంగు మారాయి. ఎమర్జెన్సీకి తీసుకుపోయారు, మూతికి ఆక్సిజన్ పెట్టారు, ఛాతీలో నీరు చేరిందన్నారు. సాయంత్రం గోడ అవతల ప్లాంటు రొద మొదలయ్యాక, స్ట్రెచరు మీద వార్డుకు తోసుకువెళ్ళి ఆమెను మెషీనుకు కలిపారు.

ఈసారి ఆయన గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలే నిలబడి గొట్టాలకేసి చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా అక్క ఊపిరి దారిలో పడింది. ఆక్సిజన్ మాస్కు కిందనుంచే ఏదో అంది. ఆయన వంగాడు.

"గొడుగు," అంది అక్క.

పెద్ద సిస్టర్ మెషీను అంకెలు సరిచూసుకుని ఆయన్ని పక్కకు పిలిచింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడేంత ఓపిక ఆమెలోనూ కనపడలేదు.

"పంపాను మాస్టారూ. చేరింది అని కూడా చూపించింది."

"చేరింది సిస్టర్. నేనే చూళ్ళేదు."

"మిగతావాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాను. ఒక పక్క సూదులు పెడుతూ, ఇంకో పక్క భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కుకుని. టైలరు గారు ఎత్తకపోతే వాళ్ళ పక్కింటికి చేశాను. అందరూ వచ్చారు. మీ ఇంటికి మాత్రం చెయ్యలేదు. మీకు ఖాతా ఉందిగా అని."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తాడుకు వదిలేశాడు.

"రోజూ ఇలా అందరికీ ఫోన్లు చెయ్యడం నావల్ల కాదు," అంది ఆమె. "గ్రూపులో ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. అది మీరు తీసుకెళ్ళారు. ఏదో ఒకటి తెచ్చివ్వండి."

ఆస్పత్రి మార్పిడి పూర్తయిందన్న చివరి సంతకం ఇంకా పడలేదు. దానికోసం ఈ మార్పిడి పనంతా చూసే డిప్యూటీ మేడమ్ రెండుసార్లు కబురు చేస్తే మాస్టారు ఆమె గదికి వెళ్ళాడు. మాస్టారికన్నా చాలా చిన్నది వయసులో. బల్ల మీద మూడు ఫోన్లు, గోడ మీద జిల్లాల బొమ్మ. మారిన చోటల్లా ఆకుపచ్చ. పెద్దాస్పత్రి ఉన్న చోట ఇంకా పసుపు.

"మాస్టారూ, మీ ఒక్క సంతకం కోసం మినిస్టర్ గారి ఆఫీసు నా ప్రాణం తోడేస్తోంది."

"డయాలసిస్ వార్డు కాలేదు మేడమ్."

"నూటికి నూరు అని మీరే రాశారుగా."

"రాశాను. రోగుల్ని లెక్క కట్టలేదు."

"రోగులు మన ఉద్యోగులు కారు కదా. వాళ్ళకి ఖాతాలిస్తే రేపు బస్సు ప్రయాణికులకూ ఇవ్వమంటారు. పదవి ఉండాలి."

మాస్టారు సంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సులో అనుకుంటూ వచ్చిన మాటను మెల్లగా బయటికి తీశాడు.

"అంబులెన్స్‌కి ఖాతా ఇచ్చాం కదా మేడమ్. గేటు కౌంటరుకి ఇచ్చాం. అవి మనుషులు కావుగా. డయాలసిస్ కుర్చీలకి ఇద్దాం. ఒక్కో కుర్చీకి ఒక్కో ఖాతా. ఆ కుర్చీలో ఎవరెవరు ఎక్కుతారో వాళ్ళ ఫోన్లలో తెరుచుకుంటుంది. రోగి మారినా ఖాతా కుర్చీకే ఉంటుంది. మన రూలు కూడా అదేగా, మనిషికి కాదు, సీటుకి."

ఆమె పెన్ను కింద పెట్టింది. "కుర్చీకి ఖాతానా? నవ్విపోతారు మాస్టారూ."

"నవ్వనివ్వండి మేడమ్."

"అంబులెన్స్ అయితే కదులుతుంది."

"ఈ కుర్చీలకి కబురు అందకపోతే అందులో మనుషులు కదలరు."

ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసింది. సభలో మాట్లాడినట్టు అయింది. అందుకని తలవంచుకుని, "మొన్న మా అక్కకి అందలేదు," అని కలిపాడు.

మూడు ఫోన్లలో ఒకటి మోగింది, డిప్యూటీ మేడమ్ చూడకుండానే దాన్ని బోర్లా పెట్టింది. దానికీ దుప్పటి కప్పి ఉంటుందా అని మాస్టారు అనుకున్నాడు.

"సర్క్యులర్లన్నీ వాళ్ళకీ పోతాయి. ఎవరన్నా లోపలి విషయాలు బయటికి పొక్కాయని అడిగితే?"

"సర్క్యులర్లలో విషయం ఏముంది మేడమ్? మనమే చదవం."

ఆమె నవ్వింది. నవ్వి, మొహం రుద్దుకుంది. "పెట్టండి. అయితే మీ సంతకం మీద. రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే నా పేరు ఎత్తకండి. మీరే జవాబు చెప్పుకోవాలి. రిటైరయ్యాక పిలిచినా రావాలి."

"వస్తాను."

"ఎన్ని ఖాతాలు పెరుగుతాయి?" అని అడిగి, ఆయన చెప్పింది విని, గోడ మీది బొమ్మకేసి చూసింది. "అంటే మంజూరైన సీట్లకన్నా వాడకందార్లు ఎక్కువ అన్నమాట. ఇలాంటి ఆస్పత్రి ఇంకోటి లేదు. పైవాళ్ళకి నచ్చుతుంది," అని ఆకుపచ్చ పెన్ను అందుకుంది.

ఇక రెండో పని మిగిలింది. ఎక్కడెక్కడ దుప్పటి కప్పి వచ్చాడో అక్కడక్కడికీ మళ్ళీ వెళ్ళడం. నేర్పినప్పుడు నవ్విన మొహాలు తీయమన్నప్పుడు నవ్వలేదు. "మీరే కప్పమన్నారు, మీరే తీయమంటున్నారు, ఒక మాట మీద నిలబడండి సార్," అన్నారు గనుల శాఖలో. రేవు ఆఫీసులో ఆయన ఎదుట గీత తీసి, ఆయన వెనక్కి తిరగగానే పెట్టేసుకున్నారు. ఆయన చూశాడు, చూడనట్టు నడిచాడు. ఆస్పత్రిలో మాత్రం ఒక్కో ఫోనూ తీసుకుని, గంట మోగించి, చెవితో విని ఇచ్చాడు. కళ్ళద్దాల తాడు చెమటకు మెడ మీద అంటుకుపోయింది.

అక్క ఖాతా పేరు నాలుగో కుర్చీ. ఆ పేరు చూసి ఆమె మొదట మూతి విరిచింది. రెండు రోజులకు అలవాటుపడింది. అదే కుర్చీలో సాయంత్రం పూట ఎక్కే ఒకావిడ కూడా అదే పేరుతో మాట్లాడుతుంది గనుక, నాలుగో కుర్చీ తనలో తానే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. టైలరుకి ఎనిమిదో కుర్చీ వచ్చింది. ప్రమోషన్ ఎప్పుడని రోజూ సిస్టర్‌ని అడుగుతాడు.

సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని అక్క ఫోన్ చదువుతోంది. మాస్టారు చెప్పులు విప్పుతున్నాడు.

"ఒరేయ్, ఉద్యోగులందరూ నెలాఖరులోగా ఆస్తుల వివరాలు ఇవ్వాలట. నాలుగో కుర్చీకి ఏమున్నాయని రాయను?"

"ఏమీ లేవని రాయి."

"ఎందుకు లేవు? ఒక మెషీను ఉంది. దిండు ఉంది."

"దిండు రాయకు, అది స్టోరుది."

ఫోన్ మళ్ళీ మోగింది. అక్క కళ్ళు చిన్నవి చేసి చూసింది. "పాత జీపులు. మన రేటుకి రావులే." బల్ల మీద పెట్టిందో లేదో ఇంకోసారి మోగింది. ఆమె చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పొద్దుట్నుంచీ ఇదే గోల. తల పగిలిపోతోందిరా. ఆ దుప్పటి ఏదో దీనికీ కప్పకూడదూ?"

"వద్దక్కా."

"ఊళ్ళో అందరికీ నేర్పావటగా."

"మోగనీ."

ఆమె ఆయనకేసి చూసింది. సీసా ఎత్తి, ఎంత మిగిలిందో చూసి, ఒక గుక్క తాగి మూత పెట్టింది. మాస్టారు తన ఫోన్ కూడా సంచీలోంచి తీసి ఆమె ఫోన్ పక్కన పెట్టాడు. గీతలు లేని గంటలు రెండూ.

కాసేపటికి రెండూ ఒకేసారి మోగాయి. ఇద్దరి చేతులూ ఒకేసారి పోయాయి. అక్క తన ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది. ఆయన కళ్ళద్దాలు ఎత్తి పెట్టుకుని చూశాడు.

"మొక్కలు," అంది అక్క.

"మొక్కలే," అన్నాడు.

ఇద్దరూ ఫోన్లు మళ్ళీ బల్ల మీద వెల్లకిలా పెట్టారు.